మొర పెట్టుకోని ప్రాణి

పాలకుర్తి మండలంలోని బమ్మెర పోతన ఊరని ఇక్కడివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. ఆయన భాగవతంలో మొసలి నోట కాలు చిక్కిన ఏనుగు పెట్టుకున్న మొర చదువు రాని ముసలమ్మలకు కూడా నోటికి వచ్చు. ఏనుగు గొంతెత్తింది, వైకుంఠం దాకా వినిపించింది. ఆ మడుగు ఒడ్డున ఒక కుందేలుకు కష్టం వచ్చి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. కుందేలు మొర పెట్టుకోదు. ఒళ్లు ముడుచుకుని, కళ్లు సగం మూసి, మూలకు చేరి కూర్చుంటుంది. చూసినవాళ్లు కునుకు తీస్తోందనుకుంటారు.

కుక్కకు నొప్పి పుడితే మూలుగుతుంది. ఆవు అంబా అంటుంది. మేక ఊరంతా వినిపించేలా అరుస్తుంది. తెలంగాణ పల్లెల్లో చెవులపిల్లి అని ముద్దుగా పిలుచుకునే కుందేలు మాత్రం నోరు విప్పదు. నక్క, గద్ద, అడవిపిల్లి, పాము, మనిషి, ఇందరు వేటాడే జంతువు అది. వేటగాడి కన్ను మొదట పడేది కుంటే దాని మీద, వెనకబడే దాని మీద. అందువల్ల లక్షల ఏళ్లుగా జబ్బును దాచుకోగలిగిన కుందేళ్లే బతికి పిల్లల్ని కన్నాయి. ప్రాణం పోయేంత భయం కలిగినప్పుడు అది కీచుమని అరుస్తుంది. ఆ అరుపు ఒక్కసారి విన్నవాళ్లు మరిచిపోలేరు. కడుపు నొప్పికీ పంటి నొప్పికీ కీళ్ల నొప్పికీ మాత్రం అది మౌనంగానే ఉంటుంది.

అలాంటి ప్రాణికి జబ్బు చేసి, పెంచే మనిషి పొద్దున పోయి సాయంత్రం వచ్చే ఉద్యోగి అయితే, నడుమ ఉన్న గంటల్లో ఏం జరిగిందో ఎలా తెలుస్తుంది? తెలుసుకునే దారులు ఉన్నాయి. అవి కుందేలు శరీరం పనిచేసే తీరులోనే ఉన్నాయి.

పది గంటల ఖాళీ

ఒక ఇంటిని ఊహించుకుందాం. పాలకుర్తిలో సోమేశ్వరస్వామి గుట్ట కనిపించే వీధి. ఆ ఇంటామెకు జనగామలో ఉద్యోగం. పొద్దున ఎనిమిదింటికి బస్సెక్కితే సాయంత్రం ఆరు దాటాకే ఇల్లు చేరేది. ఇంట్లో నాలుగేళ్ల ఆడ చెవులపిల్లి ఉంది. తెల్లటి ఒళ్లు, ఎర్రటి కళ్లు, రెండు కిలోల బరువు. దవడ పళ్లు వంకరగా పెరుగుతున్నాయని డాక్టరు చెప్పారు. ఇల్లు ఊహించుకున్నదే అయినా, దాని కష్టాలు రోగిష్టి కుందేలును సాకే ఏ ఉద్యోగికైనా ఎదురయ్యేవే.

ఈ తెల్ల కుందేలు మన చేన్ల గట్ల మీద దూకే అడవి కుందేలు జాతి కాదు. అడవి కుందేలు నేల మీదే ఉంటుంది, దాని పిల్లలు ఒంటి నిండా బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడతాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 దాన్ని కాపాడుతోంది, పట్టి ఇంట్లో పెంచడం నేరం. పెంపుడు కుందేలు పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతంలో నేలలో బొరియలు తవ్వుకుని గుంపుగా బతికినవి. వాటి పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. సుమారు పదో రోజుకు కళ్లు తెరుస్తాయి. న్యూజిలాండ్ వైట్ అని పిలిచే తెల్ల కుందేలు కూడా ఈ జాతిదే. పేరులో న్యూజిలాండ్ ఉన్నా ఆ రకాన్ని తయారుచేసింది అమెరికాలో.

బొరియలో బతికిన ఆ పూర్వీకులు పగటి ఎండనూ గద్దనూ తప్పించుకుని లోపల పడుకునేవి. మసక వెలుతురులో, తెల్లవారుజామునా మునిమాపునా, మేతకు బయటికి వచ్చేవి. ఇంట్లో పుట్టి పెరిగిన కుందేలు ఒంట్లోనూ అదే గడియారం నడుస్తోంది. ఆమె లేచి వాకిలి ఊడ్చే వేళకు అది గంతులు వేస్తూ ఉంటుంది. ఆమె బస్సులో కూర్చునే వేళకు నిద్రకు ఒరుగుతుంది. తిరిగొచ్చి గేటు తీసే వేళకు మళ్లీ లేస్తుంది. పగలంతా ఒంటరిగా వదిలిపోతున్నానని ఉద్యోగి పడే బాధ నిజమైనదే. కానీ కుందేలు ఎక్కువగా తిని, తిరిగి, ఆడుకునే రెండు పూటలూ ఆమె ఇంట్లోనే ఉంటోంది. మందు వేయడం, తూకం వేయడం, ఒళ్లు తడిమి చూడడం ఈ రెండు పూటలకే అమర్చుకోవచ్చు. రోజుకు మూడుసార్లు వేయాల్సిన మందు రాసినప్పుడు, పన్నెండు గంటలకోసారి వేసేది ఏదైనా ఉందా అని డాక్టరును అడగడంలో తప్పు లేదు. చాలా జబ్బులకు ఉంటుంది.

చిక్కంతా నడుమ ఉన్న పది గంటలతోనే. ఎందుకంటే కుందేలు పేగుకు విశ్రాంతి లేదు.

రెండుసార్లు తినే కడుపు

ఆవు గడ్డి తిని నెమరు వేస్తుంది. కుందేలు తిన్నదాన్ని ఇంకో దారిలో రెండోసారి తింటుంది.

నమిలిన గడ్డి పెద్దపేగు దగ్గరికి వచ్చేసరికి రెండుగా విడిపోతుంది. ముతక పీచును పేగు ముందుకు తోసేస్తుంది. గుండ్రంగా, పొడిగా, వాసన లేకుండా వచ్చే పెంటికలు ఈ పీచే. పిండిలా మెత్తగా ఉన్న భాగాన్ని మాత్రం వెనక్కి, అంధనాళంలోకి పంపుతుంది. మనిషిలో అంధనాళం పెద్దపేగు మొదట్లో ఉండే చిన్న సంచి. కుందేలులో అది పొట్టలో అన్నిటికన్నా ఎక్కువ చోటు ఆక్రమించే అవయవం. రాత్రి రుబ్బి పెట్టిన దోసెల పిండి పొద్దుటికి పొంగినట్టు, అందులోని కోట్లాది సూక్ష్మజీవులు ఆ మెత్తటి భాగాన్ని పులియబెడతాయి. పులిసిన ముద్ద ద్రాక్షగుత్తిలా జిగటగా బయటికి వస్తుంది. కుందేలు వంగి, అక్కడికక్కడే నోటితో అందుకుని, నమలకుండా మింగుతుంది. బి విటమిన్లూ మాంసకృత్తులూ దానికి ఇలా అందుతాయి. మోరో అనే ఫ్రెంచి పశువైద్యుడు 1882లో ఈ సంగతిని వర్ణించాడు. ఈ రెండో భోజనం ఎక్కువగా పగటి విశ్రాంతి వేళ జరుగుతుంది. అందుకే దీన్ని కళ్లారా చూసిన యజమానులు తక్కువ.

ఈ యంత్రం నడవాలంటే ముతక పీచు పడుతూనే ఉండాలి. పీచు తగ్గినా, నీళ్లు తక్కువైనా, భయపడినా, ఎక్కడో నొప్పి ఉన్నా పేగు నెమ్మదిస్తుంది. లోపలి ముద్ద ఎండి గట్టిపడుతుంది. గ్యాసు నిండుతుంది. గ్యాసుతో నొప్పి, నొప్పితో తిండి మానడం, తిండి మానడంతో పేగు ఇంకా మందగించడం. కుందేలు వాంతి చేసుకోలేదు కాబట్టి పైకి పోయే దారీ లేదు. తిండి లేకపోతే ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయంలో పేరుకుని దాన్ని దెబ్బతీస్తుంది. పశువైద్యులు జీఐ స్టేసిస్ అనే స్థితి ఇదే. ఒకప్పుడు దీనికంతటికీ కడుపులో పేరుకున్న బొచ్చు ఉండలే కారణమనుకునేవారు. తనను తాను నాకి శుభ్రం చేసుకునే ఏ కుందేలు కడుపులోనైనా కొంత బొచ్చు ఉంటుంది. పేగు కదులుతుంటే అది పెంటికలతో పోతుంది. చాలాసార్లు పేగు ఆగడం వల్లే బొచ్చు ఉండకట్టుతుందని తర్వాత తేలింది.

పన్నెండు గంటలు ఏమీ తినని కుందేలును అత్యవసర రోగిగా చూడాలి. ఉద్యోగి ఇంట్లో లేని సమయం పది గంటలు. పొద్దున సరిగా చూడకుండా బస్సెక్కితే, సాయంత్రానికి ఆ గడువు దాదాపు తీరిపోయి ఉంటుంది. పొద్దుటి పది నిమిషాల పరీక్షను ఏ తొందరలోనూ వదలకూడదనడానికి కారణం ఇదే.

పెంటికల లెక్క

ఆరోగ్యంగా ఉన్న కుందేలు రోజుకు 200 నుంచి 300 పెంటికలు వేస్తుంది. ఒక్కో పెంటిక కొద్ది గంటల కిందటి పేగు సంగతి చెబుతుంది. బఠాణీ గింజంత గుండ్రంగా, లేత గోధుమ రంగులో, నలిపితే ఎండుగడ్డి పొట్టులా రాలితే పేగు బాగున్నట్టు. మిరియాలంత చిన్నవై, నల్లబడి, గట్టిగా ఉంటే తిండి తగ్గినట్టు. దండలో పూసల్లా బొచ్చుతో ఒకదానికొకటి వేలాడితే బొచ్చు రాలే కాలం వచ్చినట్టు, దువ్వెన పట్టుకోవాలి. అసలు లేకపోతే ఆ రోజు ఆఫీసు సంగతి తర్వాత చూసుకోవాలి.

మన ఊహలోని ఇంటామె చేసేది ఇదీ. రాత్రి పడుకునే ముందు మూలన ఉన్న ట్రేలో పాత పేపరు తీసి కొత్తది పరుస్తుంది. పొద్దున ఐదున్నరకు లైటు వేసి, అదే ట్రే ముందు గొంతుక్కూర్చుంటుంది. ఎన్ని ఉన్నాయి, ఎంత సైజు, మూత్రం మరక ఏ రంగు. ఎర్రటి మరక కనిపించినంత మాత్రాన రక్తమని బెంబేలెత్తనక్కరలేదు. కొన్ని ఆకుల్లోని రంగు పదార్థాల వల్ల కుందేలు మూత్రం నారింజకూ ఎరుపుకూ తిరుగుతుంది. సున్నం కలిపిన నీళ్లలా తెల్లగా, చిక్కగా వస్తే మాత్రం ఆలోచించాలి. తిండిలోని కాల్షియం మన శరీరంలో అవసరమైనంతే పేగులో ఇంకుతుంది. కుందేలులో దొరికినదంతా రక్తంలోకి పోయి, మిగులు మూత్రపిండాల గుండా బయటికి వస్తుంది. నీళ్లు తక్కువ తాగే కుందేలుకు మునగాకు, లూసర్న్ గడ్డి రోజూ పెడితే మూత్రాశయంలో అది ఇసుకలా పేరుకుంటుంది.

తర్వాత తూకం. వంటింటి డిజిటల్ త్రాసు మీద గిన్నె పెట్టి, అందులో కుందేలును కూర్చోబెట్టడం. రెండు కిలోల కుందేలు 100 గ్రాములు తగ్గిందంటే అరవై కిలోల మనిషి మూడు కిలోలు తగ్గినట్టు. బొచ్చు కింద ఆ తేడా కంటికి కనపడదు, త్రాసుకు కనపడుతుంది. ఎత్తేటప్పుడు ఛాతీ కింద ఒక చెయ్యి, పిర్రల కింద ఒక చెయ్యి ఉండాలి. చెవులు పట్టి ఎత్తడం క్రూరత్వం. కుందేలు ఎముకలన్నీ కలిపి దాని బరువులో 8 శాతమే, పిల్లికి 13 శాతం దాకా ఉంటాయి. వెనక కాళ్ల కండరాలు మాత్రం బలమైనవి. ఆధారం లేకుండా ఎత్తితే భయంతో తన్నుకుని తన వెన్నునే విరుచుకుంటుంది.

చివరిగా తోక కింద చూడాలి. బరువెక్కిన కుందేలు, వెన్ను నొప్పి ఉన్న కుందేలు వంగి ఆ మెత్తటి ముద్దలను అందుకోలేదు. అవి వెనక అంటుకుంటాయి. వానాకాలంలో ఈగలు అక్కడ గుడ్లు పెడతాయి. ఒక్క రోజు గడిచేలోపే గుడ్లు పురుగులవుతాయి, పురుగులు బతికున్న చర్మాన్ని తొలుస్తాయి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గోరువెచ్చటి నీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచి ఆరబెట్టే అలవాటు ఉంటే ఈ ఘోరం చాలావరకు తప్పుతుంది.

ముఖం కూడా మాట్లాడుతుంది. ఇంగ్లండులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2012లో కుందేలు ముఖంలో నొప్పిని కొలిచే పద్ధతిని ప్రకటించారు. చూడాల్సినవి ఐదు. కళ్లు ఎంత బిగుసుకున్నాయి, చెంపలు ఎంత లోపలికి పీక్కుపోయాయి, ముక్కు పుటాలు గుండ్రదనం పోయి కోసుగా అయ్యాయా, మీసాలు ఎలా నిలిచాయి, చెవులు ఎటు వాలాయి. మనిషి దగ్గరికి రాగానే కుందేలు సర్దుకుని కూర్చుంటుంది కాబట్టి పాత సెల్‌ఫోను ఒకటి గోడకు ఆనించి కెమెరాగా వాడితే ఆ ముఖం మరింత నిజంగా కనిపిస్తుంది. జనగామలో మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పుతూ రెండు నిమిషాలు చూడడానికి అది చాలు.

ఫోను కంటే నమ్మకమైన సాయం పక్కింట్లో ఉంటుంది. పెద్దావిడకు మందులు అప్పగించనక్కరలేదు, పంజరం శుభ్రం చేయమననక్కరలేదు. "అవ్వా, పగటేల ఒక్కసారి వచ్చి చూడు. గడ్డి కదిలిందా, నీళ్లున్నయా, కాళ్లు చాపుకున్నదా ముడుసుకున్నదా, ఫోన్ల చెప్పు చాలు" అంటే సరిపోతుంది. మేకలను సాకి పెరిగిన అవ్వ కంటికి జీవం నలతగా ఉన్నదో లేదో ఇట్టే తెలుస్తుంది.

పంటి దగ్గర మొదలైన కథ

ఆ ఇంటి కుందేలుకు వచ్చిన పంటి జబ్బు పెంపుడు కుందేళ్లలో చాలా మామూలు. కుందేలు ఎలుక జాతిది అనుకుంటారు. శాస్త్రవేత్తలూ చాలాకాలం అలాగే లెక్కవేశారు. 1912లో దాన్ని వేరు చేసి లాగోమార్ఫా అనే వర్గంలో పెట్టారు. పై ముందు పళ్ల వెనక దాక్కున్న ఇంకో చిన్న పళ్ల జత దీని గుర్తు. మొత్తం పళ్లు 28. అన్నీ బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లు వారానికి రెండు మూడు మిల్లీమీటర్లు పెరుగుతాయి.

పెరిగినంత అరగాలి. అరగదీసేది గడ్డి. గడ్డి నమిలేటప్పుడు దవడ పక్కలకు, తిరగలి తిరిగినట్టు కదులుతుంది. గింజలు, పెల్లెట్లు, బిస్కెట్లు నమిలేటప్పుడు పైకీ కిందికీ మాత్రమే కదులుతుంది. అప్పుడు దవడ పళ్ల అంచులు అరగక, ముళ్లలా మొలిచి నాలుకనూ చెంపనూ గుచ్చుతాయి. వేర్లు పైకి పెరిగి కన్నీటి గొట్టాన్ని నొక్కుతాయి. అందుకే ఒక కంట్లో ఎప్పుడూ నీరు కారే కుందేలుకు పళ్లు చూపించాలి. ఇంగ్లండు పశువైద్యురాలు ఫ్రాన్సెస్ హార్కోర్ట్-బ్రౌన్ 1990లలో ఈ పంటి జబ్బును తిండితో, కాల్షియం లోటుతో ముడిపెట్టి చూపించారు. ఏరుకుని తినే కుందేలు మిశ్రమంలో రుచైన గింజలు తిని మిగతాది వదిలేస్తుంది. కాల్షియం మరీ ఎక్కువైనా చేటు, మరీ తక్కువైనా చేటు. ఆ సమతూకం గడ్డిలో ఉంది.

గడ్డి విషయంలో పాలకుర్తి వాసులకు హైదరాబాదు వాళ్లకన్నా మేలైన అవకాశం ఉంది. పట్నంలో తిమోతి గడ్డి ప్యాకెట్లు కొనాలి. ఇక్కడ చెరువు గట్టున, దొడ్డి వెనక గరిక ఉంది. వినాయకుడి పూజకు తెచ్చే గరికే కుందేలుకూ మంచి మేత. నేపియర్ గడ్డి ఉంది. బాగా ఎండిన జొన్న చొప్ప ఉంది. లేత జొన్న పైరులో సైనైడ్ విషం ఉంటుందని పశువులున్న ప్రతి రైతుకూ తెలుసు, కుందేలుకూ ఆ జాగ్రత్తే. వరిగడ్డి ఒక్కటే పెడితే పోషణ చాలదు. పత్తి చేను గట్టు మీది గడ్డి, మందు కొట్టిన మడి పక్క గడ్డి మాత్రం ఎంత పచ్చగా ఉన్నా కోయకూడదు. ఆకుకూరల్లో కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు, క్యారెట్ ఆకు మంచివి. పాలకూర, తోటకూర ఎప్పుడైనా కొద్దిగా. బొమ్మల్లో కుందేలు చేతిలో ఎప్పుడూ కనిపించే క్యారెట్ దుంపలో చక్కెర ఎక్కువ, అది మిఠాయి ముక్కతో సమానం. అన్నం, రొట్టె, శనగలు, మక్కలు పెట్టనే వద్దు. ఉల్లి, వెల్లుల్లి, టమాటా ఆకు, గన్నేరు, జిల్లేడు దాని దరిదాపుల్లో ఉండకూడదు.

పళ్లు ఇప్పటికే వంకర తిరిగిన కుందేలుకు గడ్డి ఒక్కటే చాలదు. కొన్ని వారాలకో నెలలకో ఒకసారి మత్తు ఇచ్చి దవడ పళ్ల ముళ్లను అరగదీయించాలి. ముందు పళ్లను ఇంట్లో గోళ్లు కత్తిరించే కత్తెరతో తుంచితే పన్ను నిలువునా చీలుతుంది. మత్తు ఇచ్చే ముందు కుక్కనూ పిల్లినీ మనిషినీ పస్తు ఉంచుతారు. కుందేలు వాంతి చేసుకోలేదు కాబట్టి దాన్ని పస్తు ఉంచకూడదు. ఈ సంగతి ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

మే నెల

జనగామ ప్రాంతంలో మే నెల ఎండ 44 డిగ్రీలు దాటిన రోజులు కొత్త కాదు. కుందేలుకు హాయి 16 నుంచి 21 డిగ్రీల మధ్య. 30 దాటిందంటే కష్టం మొదలవుతుంది. దానికి మనలా చెమట పట్టదు, కుక్కలా నాలుక చాపి వగర్చి చల్లబడలేదు. దానికి ఉన్నవి చెవులు. పలచటి ఆ చెవుల్లో రక్తనాళాలు వెడల్పై ఒంటి వేడిని గాలికి వదులుతాయి. గాలే ఒంటి కన్నా వేడిగా ఉన్నప్పుడు ఆ ఉపాయం పారదు. కుందేలు ఒంటి మామూలు వేడి 38.5 నుంచి 40 డిగ్రీలు. మన మే నెల మధ్యాహ్నం గాలి దాన్ని మించుతుంది.

పగలు ఇంట్లో మనిషి ఉండని చోట కూలరు మీదే ఆధారపడితే కరెంటు పోయిన గంటే ప్రమాదం. మన పాత ఇళ్ల తెలివి ఇక్కడ పనికొస్తుంది. కింద గదిలో, ఉత్తరపు గోడ పక్కన, తాండూరు బండ పరిచిన నేల. పక్కకు పడుకోబెట్టిన పెద్ద మట్టి కాగు, దాని మీద తడి గోనెసంచి. ఒక లీటరు నీరు ఆవిరి కావాలంటే చుట్టూ ఉన్న వస్తువుల నుంచి సుమారు 580 కిలో క్యాలరీల వేడిని లాక్కోవాలి. కుండలో నీళ్లు చల్లబడేది ఈ లెక్క ప్రకారమే. గోనెసంచి ఒక కొస నీళ్ల బకెట్టులో వేలాడేలా పెడితే అది సాయంత్రం దాకా తడిని పీల్చుకుంటూనే ఉంటుంది. పొడిగాలి ఉన్న ఏప్రిల్, మే నెలల్లో ఇది బాగా పనిచేస్తుంది. జూలై ఉక్కలో గాలి ముందే తడిగా ఉంటుంది కాబట్టి పెద్దగా పనిచేయదు. అప్పుడు గాలి ఆడడం ముఖ్యం. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి కాగు లోపల పెడితే కుందేలు వచ్చి దాన్ని ఆనుకుని పడుకుంటుంది.

నీళ్లు పళ్లెంలో పెట్టాలి, రెండు చోట్ల. కిలో బరువుకు రోజుకు 50 నుంచి 150 మిల్లీలీటర్లు తాగే జంతువు అది. పంటి నొప్పి ఉన్నది నాలికతో గోలీ తోసి తాగే సీసా దగ్గరికి వెళ్లడమే మానేస్తుంది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పక్కకు ఒరిగి, ముక్కు తడిసి, వేగంగా ఎగశ్వాస పీలుస్తుంటే చెవులను మామూలు నీళ్లతో తడిపి, నీడకు చేర్చి, డాక్టరుకు ఫోను చేయాలి. ఐసు నీళ్లలో ముంచితే షాక్‌కు గురై చనిపోవచ్చు.

మందు కొట్టు, పశువైద్యశాల

మన ఊళ్లలో జ్వరం వస్తే మందు కొట్టుకు వెళ్లి రెండు గోలీలు తెచ్చుకునే అలవాటు ఉంది. ఆ అలవాటు కుందేలు ప్రాణం తీస్తుంది. మనుషులకు మామూలుగా ఇచ్చే అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండమైసిన్ నోటి ద్వారా వేస్తే దాని అంధనాళంలోని మంచి సూక్ష్మజీవులు చస్తాయి, క్లాస్ట్రిడియం జాతి క్రిములు పెరిగి విషం వదులుతాయి. కుక్కల మీది పేలకూ గోమార్లకూ వేసే ఫిప్రోనిల్ చుక్కలు కుందేలుకు విషం. చెవిలో పొరలు పొరలుగా చెక్కు కట్టే గజ్జికి వాడే ఐవర్‌మెక్టిన్ పనిచేసే మందే, కానీ మోతాదు డాక్టరు తూకం చూసి చెప్పాలి.

మండల పశువైద్యశాలకు వచ్చేవి ఎక్కువగా ఆవులు, బర్రెలు, గొర్రెలు, కోళ్లు. కుందేలును తీసుకెళ్తే డాక్టరుకూ అరుదైన రోగే. అయినా ముందు వెళ్లాల్సింది అక్కడికే. సెలైను పెట్టడం, నొప్పి తగ్గించడం, తూకం చూసి మందు లెక్కగట్టడం అక్కడ జరుగుతాయి. తెలంగాణలో 2017లో మొదలైన సంచార పశువైద్య సేవకు 1962 నంబరు ఉంది. పెద్ద పరీక్షలకు వరంగల్ దగ్గర మామునూరులో పశువైద్య కళాశాల, ఇంకా పెద్దవాటికి హైదరాబాదు రాజేంద్రనగర్ కళాశాల ఉన్నాయి. కుందేలు బాగున్నప్పుడే ఒక శనివారం వెళ్లి చూపించి, ఎవరు ఎప్పుడు ఉంటారో, మత్తు ఇచ్చి పళ్లు చూడగలరో తెలుసుకుని ఫోన్ నంబర్లు రాసుకుంటే, అర్ధరాత్రి ఆపదలో వెతుకులాట తప్పుతుంది. ప్రయాణం తెల్లవారుజాము బస్సులోనే. గాలి ఆడే బుట్ట, కింద తడి ఆరిన గుడ్డ, మీద గరిక. జంట కుందేలు ఉంటే దాన్నీ తీసుకెళ్లాలి. తోడు పక్కన ఉంటే రోగికి భయం తగ్గుతుంది. విడదీస్తే తిరిగొచ్చాక కొత్త వాసనకు రెండూ కొట్టుకోవచ్చు.

పశువైద్యశాల మందుల బీరువాలోనే కుందేలుకు పనికొచ్చే ఒక మందు ఉంది. తల ఒక పక్కకు వాలిపోయి, గుండ్రంగా తిరుగుతూ, దొర్లిపోయే జబ్బు కుందేళ్లకు వస్తుంది. లోపలి చెవి చీము దానికి ఒక కారణం. ఇంకో కారణం ఎన్‌సెఫాలిటోజూన్ కునిక్యులై అనే సూక్ష్మజీవి. రైట్, క్రెయిగ్‌హెడ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1922లో కుందేళ్లలో దాన్ని గుర్తించారు. దానికి వాడే ఫెన్‌బెండజోల్ గొర్రెలకూ ఆవులకూ నులిపురుగులకు ఇచ్చే మందే. 28 రోజులు రోజూ వేయాలి. ఉద్యోగం చేసుకుంటూ ఈ 28 రోజులు గడపవచ్చు. చుట్టూ చీరలు చుట్టి మెత్తటి గోడ కట్టి, నోటి పక్కనే నీళ్లూ ఆకులూ పెడితే దొర్లినా దెబ్బ తగలదు. కొన్ని కుందేళ్లు తల వంకరతోనే ఏళ్ల తరబడి హాయిగా బతుకుతాయి. ఈ క్రిమి మూత్రంలో బయటికి వస్తుంది కాబట్టి ట్రే తీశాక చేతులు సబ్బుతో కడగాలి. రోగనిరోధక శక్తి తగ్గిన వాళ్లు ఇంట్లో ఉంటే ఆ పని వేరేవాళ్లు చేయాలి.

ఆడ కుందేళ్ల విషయంలో ఇంకో జాగ్రత్త. నాలుగేళ్లు దాటిన వాటిలో గర్భసంచి క్యాన్సరు చాలా ఎక్కువ. కొన్ని రకాల్లో సగానికి పైగా దాని బారిన పడతాయి. వయసులో ఉండగానే గర్భసంచి తీయించడం ఒక పెద్ద జబ్బును మొదట్లోనే అడ్డుకోవడం.

సెలవు పెట్టాల్సిన రోజు

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించే మనిషి సామెత మనకు ఉంది. పొద్దున కుందేలు గడ్డి ముట్టకపోతే "ఎండకు తినలేదులే, సాయంత్రానికి తింటుంది" అని మనసుకు సర్దిచెప్పుకుని బస్సెక్కే ఉద్యోగి వాదన కూడా అలాంటిదే. ఇష్టమైన కొత్తిమీర రెమ్మ ముక్కు దగ్గర పెట్టినా వాసన చూసి మొహం తిప్పుకుంటే, రాత్రి ట్రేలో పెంటికలు లేకపోతే, పళ్లు పటపట కొరుకుతూ ముడుచుకుంటే, నోరు తెరిచి ఊపిరి పీలిస్తే, తల వాలితే ఆ రోజు సెలవు పెట్టాలి. కుందేలు ముక్కుతోనే ఊపిరి పీల్చే జీవి, అది నోరు తెరిచిందంటే పరిస్థితి చాలా విషమించినట్టు. ఆపరేషన్ అయిన రోజూ మరుసటి రోజూ కూడా సెలవులో ఉండాలి. ఏడాదికి ఇలాంటివి నాలుగైదు రోజులు వస్తాయని ముందే లెక్కలో పెట్టుకుంటే అధికారి దగ్గర ఇబ్బంది పడే పని ఉండదు.

తినని కుందేలుకు నానబెట్టిన పెల్లెట్లను మెత్తగా కలిపి, సూది లేని సిరంజితో ముందు పళ్ల వెనక ఉండే ఖాళీలోంచి కొద్దికొద్దిగా పట్టవచ్చు. కానీ పేగు పూర్తిగా మూసుకుపోయి ఉంటే అలా పట్టడం ప్రమాదం. ఆ తేడా ఎలా తెలుస్తుంది? హార్కోర్ట్-బ్రౌన్ 2012లో ఒక దారి చూపించారు. 900కు పైగా కుందేళ్ల రక్తంలో చక్కెర చూస్తే, పేగు మూసుకుపోయిన వాటిలో అది చాలా ఎక్కువగా ఉంది. డెసిలీటరుకు 360 మిల్లీగ్రాములు దాటితే పరిస్థితి తీవ్రమైనట్టు. చక్కెర జబ్బు ఉన్న తాత కోసం ఇంట్లో కొన్న మీటరు వంటిదే పశువైద్యుడి చేతిలో ఒక్క చుక్క రక్తంతో ఆ సంగతి చెబుతుంది. ఎక్స్‌రే లేని మండల ఆసుపత్రిలో అది చిన్న సాయం కాదు.

ఇక ఆ ఇంటికి. సాయంత్రం ఆరున్నర. పాలకుర్తి బస్టాండులో దిగి, దారిలో గరిక కట్ట ఒకటి కోసుకుని ఆమె ఇంటికి వస్తుంది. చెప్పులు విప్పకముందే మూల వైపు చూస్తుంది. కాగులోంచి ముందు ముక్కు, తర్వాత రెండు చెవులు బయటికి వస్తాయి. గరిక పోచను అది నిలువుగా పట్టుకుని పెన్సిలు లోపలికి పోతున్నట్టు నములుతుంది, దవడ అటూ ఇటూ కదులుతుంది. ఆమె కాసేపు గోడకు ఆనుకుని ఆ కరకర శబ్దం వింటుంది. తర్వాత ట్రే తీసి చూస్తుంది, తువ్వాలలో చుట్టి మందు పోస్తుంది, త్రాసు మీద కూర్చోబెడుతుంది. వంటింటి గోడకున్న క్యాలెండరులో, పాల లెక్క రాసే గడిలోనే, కింద చిన్న అంకెల్లో 1960 గ్రాములు అని రాస్తుంది. నిన్నటి గడిలో 1940 ఉంది.